పాత యాంప్లిఫైయరును మేల్కొలుపుట

సికింద్రాబాదున జూబిలీ బస్సు స్టేషను దాటి తిరుమలగిరి వైపు పోవు రహదారిపై కార్ఖానా యను పేట కలదు. కార్ఖానా యనగా పనిశాల. గడచిన వేసవిలో ఆ పేటలోని యొక యింటి ముందుగది, పేట పేరునకు తగినట్లు, రెండు దినములపాటు చిన్న పనిశాలగా మారినది. ఆ పనిలో మేమును పాలుగొంటిమి. ఇండ్లలో రేడియోతోపాటు రికార్డులను, క్యాసెట్లను, సీడీలను వినువారికి ఆ రెండు దినముల యనుభవము ఉపయోగపడునని తోచి యిచ్చట వివరించుచున్నాము.

ఆ యింటి పెద్దవారు సైన్యమున పనిచేసి విశ్రాంతి పొందినవారు. పూర్వము శిక్షణకై ఇంగ్లండు పోయినపుడు వారొక పవరు యాంప్లిఫైయరును కొని తెచ్చిరి. వారు గతించి పదునెనిమిదేండ్లయినది. నాటినుండి ఆ యంత్రము అటకపై గుడ్డ కప్పుకొని యున్నది. ఇటీవల కుమారుడు తండ్రిగారి రికార్డులను మరల వినవలెనను కోరికతో నొక టర్న్‌టేబులును, జంట స్పీకర్లతో గూడిన చిన్న పెట్టెను కొనెను. ఘంటసాల పాడిన భగవద్గీత రికార్డును పెట్టినపుడు, వృద్ధురాలైన తల్లిగారు, “గొంతు ఆయనదే గాని, గోడ అవతలనుంచి పాడుతున్నట్టుంది బాబూ” అనిరి. అపుడు కుమారునకు అటకపైని యంత్రము జ్ఞప్తికి వచ్చినది. దానిని దింపి, దుమ్ము తుడిచి, ప్లగ్గు చేతబట్టుకొని మాకు టెలిఫోను చేసెను.

“నాన్నగారి యాంప్లిఫైయరు దింపానన్నయ్యా, ప్లగ్గు పెట్టేయనా?” అని యడిగెను.

వలదంటిమి. ఏల వలదంటిమో, పిమ్మట ఏమి చేసితిమో చెప్పుటకు ముందు, అసలు పవరు యాంప్లిఫైయరు చేయు పని యేమో తెలిసికొనుట మంచిది.

ఇంటిలోని శ్రవణ పరికరములు ఒక వరుసలో నుండును. మొదటిది ధ్వనికి మూలము: రేడియో, రికార్డు, సీడీ, లేక నేటి చేతి టెలిఫోను. రెండవది ప్రీయాంప్లిఫైయరు. ఏ మూలమును వినవలెనో, ఎంత బిగ్గరగా వినవలెనో నిర్ణయించు గుబ్బలు దీనియందుండును. మూడవది పవరు యాంప్లిఫైయరు. నాల్గవది స్పీకరు. రేడియో సెట్టులో ఈ నాలుగును ఒకే పెట్టెలో నిమిడి యుండును. హై-ఫై యని పిలువబడు అమరికలో విడివిడిగా నుండును. అందుచేతనే యొకదానిని మార్చి మరియొకదానిని పెట్టుకొను వీలు కలిగినది.

పవరు యాంప్లిఫైయరు పనిని చెరువు తూముతో పోల్చవచ్చును. తూము తలుపును ఎత్తుటకు ఒక మనిషి బలము చాలును. కాని ఆ తలుపు క్రిందుగా పారునది చెరువు నీరు. అట్లే మూలమునుండి వచ్చు స్వల్ప సంకేతము తలుపును కదలించును. స్పీకరును కదలించు బలము గోడలోని కరెంటునుండి వచ్చును. మన పెద్దలు రేడియోలలో చూచిన వాల్వు అను మాటకు కవాటమనియే యర్థము. పిమ్మట వచ్చిన ట్రాన్సిస్టరు చేయు పనియు నిదియే. తలుపు కదలికకును నీటి పారుదలకును తేడా యేమాత్రము లేనిచో అది మంచి యాంప్లిఫైయరు. తేడా వచ్చినచో దానిని వికృతి యందురు. అది చెవికి గరుకుగానో, బొంగురుగానో తోచును.

ఈ వికృతిని తగ్గించుటకు మార్గము 1927లో దొరకినది. అమెరికాలో బెల్ ప్రయోగశాలల ఇంజనీరగు హెరాల్డ్ బ్లాక్ ఆ సంవత్సరము ఆగష్టులో పడవపై నది దాటి పనికి పోవుచుండగా ఒక యుపాయము తోచి, చేతిలోని వార్తాపత్రిక పుటపైననే దానిని వ్రాసికొనెను. గాయకుడు తన గొంతును తాను విని, శ్రుతి తప్పినచో వెంటనే సరిదిద్దుకొనును గదా. అట్లే యాంప్లిఫైయరు నుండి బయటికి పోవుదానిలో కొంత భాగమును వెనుకకు మరల్చి, లోనికి వచ్చినదానితో పోల్చి, తేడాను సవరించుటయే ఆ యుపాయము. దీనిని నెగెటివ్ ఫీడ్‌బ్యాకు అందురు. 1947లో డి. టి. ఎన్. విలియమ్సన్ అను ఇంజనీరు బ్రిటనులోని ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికయందు ఈ పద్ధతిని బాగుగా వాడుకొన్న యొక వాల్వు యాంప్లిఫైయరు నిర్మాణమును ప్రకటించెను. అది 15 వాట్ల బలమునిచ్చును. వికృతి నూటికి పదవవంతుకు మించదు. ఇంటిలో సంగీతము వినుటకు కావలసిన శుద్ధి ఆనాటికే సాధ్యమైనదన్న మాట.

కార్ఖానాలోని యింట మేము చూచిన యంత్రము పేరు క్వాడ్ 303. పీటర్ వాకర్ స్థాపించిన అకౌస్టికల్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ, ఇంగ్లండులోని హంటింగ్‌డన్ పట్టణమున దీనిని తయారుచేసినది. ఇది 1967లో వెలువడిన ట్రాన్సిస్టరు యంత్రము. 8 ఓముల స్పీకర్లకు ఒక్కొక్క ప్రక్కకు 45 వాట్ల బలమునిచ్చును. దీనికి ముందు 1953లో ఆ సంస్థయే క్వాడ్ 2 అను 15 వాట్ల వాల్వు యాంప్లిఫైయరును, పిమ్మట 1975లో క్వాడ్ 405 అను 100 వాట్ల యాంప్లిఫైయరును వెలువరించినది.

ఈ మూడు తరముల యంత్రములను 1978లో ఒక పరీక్షకు పెట్టిరి. ఫలితమును జేమ్స్ మోయిర్ అను ఇంజనీరు ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికయందు ప్రకటించెను. ధ్వనిమట్టములను సమానము చేసి, ఏ సమయమున ఏ యంత్రము మ్రోగుచున్నదో వినువారికి తెలియనీయక మార్చి మార్చి వినిపించిరి. చెవులకు అలవాటుగల శ్రోతలే అయినను, వాల్వుల యంత్రమేదో ట్రాన్సిస్టర్ల యంత్రమేదో నమ్మదగినంతగా వేరు చేసి చెప్పలేకపోయిరి. పాత యాంప్లిఫైయరును కొనదలచువారు మొదట గుర్తుంచుకొనవలసిన విషయమిది. పాతదగుటచే దానికొక ప్రత్యేక మాధుర్యము రాదు; పాతదగుటచే అది క్రొత్తదానికి తీసిపోవుటయు లేదు. ఆరోగ్యముగా నుండి, తన బలమునకు లోబడి పనిచేయుచు, ముందువెనుకల పరికరములతో జతకుదిరినచో ఏ తరముదైనను మంచిదే. కావున అడుగవలసిన ప్రశ్నలు మూడు: బలము చాలునా? జత కుదురునా? ఆరోగ్యముగా నున్నదా?

మొదట బలమును గూర్చి. వాట్లు రెట్టింపైనంతమాత్రమున ధ్వని రెట్టింపైనట్లు చెవికి తోచదు. రెట్టింపు వాట్లకు పెరుగునది 3 డెసిబెల్లు మాత్రమే. అది గమనించి వినిన తెలియునంత స్వల్పము. రెండింతలు బిగ్గరగా నున్నట్లు తోచుటకు సుమారు 10 డెసిబెల్లు, అనగా పదిరెట్లు వాట్లు కావలెను. పూర్వపు వాల్వు రేడియోలు నాలుగైదు వాట్లతోనే ఇల్లంతయు వినిపించెడివి. నేడును ముందుగదిలో కూర్చుండి వినునపుడు స్పీకరు సగటున తీసికొనునది ఒక వాటుకు అటునిటు.

అట్లయిన 45 వాట్లు ఎందులకు? సంగీతము సగటుతో నడువదు. వయొలిను తీగె సాగుచుండగా మృదంగముపై నొక గట్టి దెబ్బ పడినదనుకొందము. ఆ క్షణమున ధ్వని సగటుకన్న 13 డెసిబెల్లు పైకి లేచినచో, ఒక వాటు చాలినచోట ఇరువది వాట్లు కావలసివచ్చును. పది వాట్ల యంత్రము ఆ దెబ్బను పూర్తిగా నీయలేదు. దాని శిఖరమును కోసివేయును. దెబ్బ మొద్దుబారును, వెంట నొక గరగర వినిపించును. చిన్న యంత్రమును ఇట్లు దాని శక్తికి మించి పెంచి వినుచుండినచో, సున్నితమైన హెచ్చుశ్రుతి స్పీకర్లు కాలిపోవుటయు కలదు.

స్పీకరు సంగతియు ఇందులో చేరియున్నది. ఒక వాటు బలమిచ్చి ఒక మీటరు దూరమున కొలిచినపుడు ఒక స్పీకరు 85 డెసిబెల్లు ఇచ్చుననియు, మరియొకటి 91 ఇచ్చుననియు అనుకొందము. రెండవది ఇచ్చు ధ్వనిని మొదటిదానినుండి రాబట్టుటకు నాలుగు రెట్లు వాట్లు కావలెను. కావున యాంప్లిఫైయరునకై డబ్బు వెచ్చించుటకు ముందు స్పీకరు వెనుక వ్రాసియున్న అంకెలను చదువుకొనవలెను. ఓముల సంఖ్యను గూడ చూడవలెను. యాంప్లిఫైయరు తయారీదారు చెప్పిన కనిష్ఠముకన్న తక్కువ ఓముల స్పీకరును తగిలింపరాదు.

రెండవది జతకుదురుట. పవరు యాంప్లిఫైయరునకు సాధారణముగా ధ్వనిని తగ్గించు గుబ్బ యుండదు. ఆ పని ప్రీయాంప్లిఫైయరుది. ఇది తెలియక మేము చిన్నతనమున చేసిన పొరపాటొకటి కలదు. ఒక సీడీ ప్లేయరును తిన్నగా నొక పవరు యాంప్లిఫైయరునకు తగిలించి మీట నొక్కితిమి. గది అదరిపోయినది, మేము లేచి తీగె లాగునంతలో ఒక స్పీకరు లోపలి తీగెచుట్ట మాడి వాసన వచ్చినది. నెల జీతములో సగము ఆ స్పీకరుకు పోయినది.

గుబ్బ యున్నను మరియొక చిక్కు కలదు. క్వాడ్ 303 తన పూర్తి బలమునిచ్చుటకు లోనికి అర వోల్టు చాలును. 1982లో వచ్చిన సీడీ ప్లేయరు గరిష్ఠముగా 2 వోల్టులనిచ్చును, అనగా నాలుగు రెట్లు. అపుడు గుబ్బను కొంచెము త్రిప్పగనే ధ్వని మిన్నుముట్టును. మిగిలిన త్రిప్పుడంతయు నిరుపయోగము. దీనికి మందు సులభము. రెండు రెసిస్టర్లతో సంకేతమును నాల్గవవంతునకు, అనగా 12 డెసిబెల్లు, తగ్గించు చిన్న జోడింపును మధ్యలో పెట్టినచో చాలును. టర్న్‌టేబులు సంగతి ఇందుకు విరుద్ధము. దాని ముల్లునుండి వచ్చునది వోల్టులో వేయవవంతుల లెక్క. పైగా రికార్డులను చెక్కునప్పుడు మంద్రమును తగ్గించి తారమును పెంచి చెక్కుదురు. వినునపుడు దానిని తలక్రిందులు చేయవలెను. ఈ రెండు పనులను చేయు ఫోనో ప్రీయాంప్లిఫైయరు లేనిదే రికార్డు పలుకదు. నేటి టర్న్‌టేబుళ్లలో కొన్నింటికి ఇది లోపలనే యుండును. జతచేయు ప్లగ్గులు గూడ మారినవి. 303 వెనుక నున్నది గుండ్రని, నాలుగు కాళ్ల డిన్ సాకెట్టు. దానికి తగిన తీగెను చేయించుకొనవలెను.

మూడవది ఆరోగ్యము. ప్రాణముతో ముడిపడిన విషయము గనుక దీనిని నిదానముగా చదువ ప్రార్థన.

కార్ఖానాలోని యంత్రమునకు మేము ప్లగ్గు పెట్టవలదనుటకు మొదటి కారణము దాని తీగె. ఎవరో యేనాడో దానికి రెండు కాళ్ల ప్లగ్గు బిగించి, ఎర్తు తీగెను కత్తిరించి లోనికి మడిచిరి. లోహపు పెట్టెగల యంత్రములో ఒక్క తీగె ఊడి పెట్టెను తాకినచో, ఎర్తు ఉన్నయెడల ఫ్యూజు పోవును. ఎర్తు లేనియెడల పెట్టెను ముట్టిన మనిషి పోవును. మూడు తీగెల క్రొత్త త్రాడును, మన మూడు కాళ్ల ప్లగ్గును బిగించిన పిమ్మటనే తక్కిన పని.

విదేశములనుండి వచ్చిన యంత్రములలో తీగెల రంగులు మోసము చేయును. మన దేశమున పాత పద్ధతిలో ఎఱుపు ప్రాణముగల తీగె, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. అమెరికాలో నలుపే ప్రాణముగల తీగె, తెలుపు న్యూట్రలు. రంగును నమ్మక మీటరును నమ్మవలెను. వోల్టేజియు నట్లే. మన కరెంటు 230 వోల్టులు, 50 సైకిళ్లు. అమెరికా యంత్రము సుమారు 117 వోల్టులకు, జపాను యంత్రము 100 వోల్టులకు చేసినది కావచ్చును. వెనుకనున్న వోల్టేజి మీటను చూడక తగిలించినచో క్షణములో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవును. మీట లేనియెడల వోల్టేజిని తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి.

తరువాత చూడవలసినవి ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. ఇవి కరెంటును తాత్కాలికముగా నిలువజేయు తొట్లు. వీని లోపల అల్యూమినియపు రేకుపై సన్నని ఆక్సైడు పొర యుండును. తొట్టికి గోడ అదియే. ఏండ్లతరబడి కరెంటు తగులక పడియున్నచో ఆ పొర పలుచనగును, లోని ద్రవము ఎండును. ఆ స్థితిలో ఒక్కసారిగా పూర్తి కరెంటునిచ్చినచో గోడ తెగును. కెపాసిటరు వేడెక్కి పగులవచ్చును, దానితోపాటు ట్రాన్సిస్టర్లును పోవచ్చును. కావున కరెంటును క్రమక్రమముగా పెంచు వేరియాకు అను సాధనముతో గంటలకొలది నిదానముగా మేల్కొలుపుదురు. లేక పాతవానిని తీసి క్రొత్తవి వేయుదురు. నలుబది, ఏబది యేండ్ల యంత్రమునకు క్రొత్తవి వేయుటయే మేలు.

మన మెకానిక్కుల వద్ద చవుకయైన మంచి సాధనము మరియొకటి కలదు. అది సీరీస్ బల్బు. పాత తరహా 60 వాట్ల తంతువు బల్బును యంత్రముతో వరుసగా కలుపుదురు. మీట వేయగనే బల్బు వెలిగి వెంటనే మసకబారినచో యంత్రము కుదురుగా నున్నదని సూచన. బల్బు పూర్తిగా వెలిగి యట్లే నిలిచినచో లోపల షార్టు కలదని తెలియును. యంత్రమునకు పోవలసిన కరెంటు బల్బులో ఆగిపోవుటచే ప్రమాదము తప్పును. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి రాదు.

స్పీకరును తగిలించుటకు ముందు యాంప్లిఫైయరు వెలుపలి కొసలవద్ద నిలకడ వోల్టేజిని కొలువవలెను. స్పీకరును తిన్నగా నడుపు ట్రాన్సిస్టరు యంత్రములలో అది 50 మిల్లీవోల్టులకు లోపల నుండుట మంచిది. ట్రాన్సిస్టరు చెడి పూర్తి వోల్టేజి స్పీకరుపై పడినచో దాని చుట్ట మాడిపోవును. 303లో స్పీకరుకు ముందొక పెద్ద కెపాసిటరు కాపలా యుండును. ఆ కాపలాదారునకును వయస్సు వచ్చునని మరువరాదు. వాల్వు యంత్రము విషయమున రెండు హెచ్చరికలు. స్పీకరు లేకుండ దానిని నడుపరాదు. ప్లగ్గు తీసిన పిమ్మట గూడ లోపల మూడు నాలుగు వందల వోల్టులు నిలిచియుండవచ్చును. కావున తెలియనివారు మూత తీయనే కూడదు.

ఇక కార్ఖానాకు మరలుదము. అనుభవముగల మెకానిక్కొకరు త్రాడు మార్చి, కెపాసిటర్లు క్రొత్తవి వేసి, సీరీస్ బల్బుపై యంత్రమును మేల్కొలిపి, కొలతలన్నియు చూచిరి. ఆయన పని చేయుచుండగా మేము స్పీకర్లను గమనించితిమి. అవి అద్దాల బీరువాలో, బొమ్మల వెనుక నున్నవి. వానిని బయటికి తెచ్చి, గోడకు రెండడుగులు ఎడముగా, కూర్చున్నవారి చెవి యెత్తున స్టూళ్లపై పెట్టి, ఆ చిన్న పెట్టెతోనే రికార్డును మరల వినిపించితిమి. “ఇప్పుడు గోడ లేదు బాబూ” అనిరి తల్లిగారు. పాత యంత్రము ఇంకను బల్లపైననే యున్నది! దమ్మిడీ ఖర్చులేని మార్పే మొదటి మేలు చేసినది.

మరునాడు యాంప్లిఫైయరును కలిపితిమి. ఒకే నిలకడ స్వరమును ఆడించి, స్పీకరు కొసలవద్ద మీటరుతో వోల్టేజిని సమము చేసి, చిన్న పెట్టెను, క్వాడ్‌ను మార్చి మార్చి వినిపించితిమి. ఏది యేదో చెప్పలేదు. మెల్లగా విన్నంతసేపు తల్లికి గాని కొడుకునకు గాని, మాకు గాని తేడా తెలియలేదు. ధ్వని పెంచి, నాదస్వరము, డోలు గల రికార్డు పెట్టినపుడు మాత్రము చిన్న పెట్టె డోలు దెబ్బకు తడబడినది. పాత యంత్రము తడబడలేదు. మీడియం వేవు రేడియోను గూడ కలిపి చూచితిమి. అందు మెరుగేమియు లేదు. మీడియం వేవున మనకు చేరు స్వరముల హద్దు సుమారు 5 వేల సైకిళ్లు, ఎఫ్.ఎం.లో 15 వేలు. మూలములో లేనిదానిని ఏ యాంప్లిఫైయరును ఈయజాలదు.

కోఠీలోని గుజరాతీ గల్లీలోనో, ఎఱ్ఱగడ్డ ఆదివారపు సంతలోనో పాత యాంప్లిఫైయరు కంటబడినపుడు చాలమందికి చేతులూరును. అట్టివారికి మా సలహా యిది. మొదట ఇంట స్పీకర్ల చోటు సవరించి వినుడు. అదియు చాలనిచో, ధ్వని పెంచినపుడు మాత్రమే లోపము తోచుచున్నదా యని గమనింపుడు. అట్లయిన బలము గల యాంప్లిఫైయరు మేలు చేయును. మెల్లగా విన్నను లోపము తోచినచో దోషము మూలములోనో, స్పీకరులోనో కలదు. కొనునపుడు యంత్రము వెలతోపాటు మరమ్మతు ఖర్చును గూడ లెక్కకట్టుడు. తెచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకుడు.

కార్ఖానాలోని ఆ యింట ఇపుడు సాయంకాలములందు తండ్రిగారి రికార్డులు మ్రోగుచున్నవి. యాంప్లిఫైయరు బీరువా క్రింది అరలో, గాలి తగులునట్లు, మూడు కాళ్ల ప్లగ్గుతో నున్నది. పని ముగిసిన పిమ్మట ప్లగ్గు తీయుట తల్లిగారి వంతు.